దీపం మారితే మోతాదు మారింది

కర్పూర చక్కెరకేళి పిలకలు సీసా మూతను తాకేటంత పొడవు ఎదిగిన రోజున మా ల్యాబు యజమాని గారు చాలా సంతోషించారు. కడియం దగ్గర తమ నర్సరీకి అనుబంధంగా ఆయన నడుపుతున్న ఆ చిన్న టిష్యూకల్చర్ ల్యాబులో పాత ట్యూబులైట్లు తీసేసి ఎల్‌ఈడీ దీపాలు బిగించి అప్పటికి నాలుగు వారాలైంది. "చూశావా అమ్మా, కరెంటు బిల్లూ తగ్గింది, మొక్కా ఎదిగింది" అన్నారు. పక్కనే నిలబడి ఒక్కో సీసానూ వెలుతురుకు ఎత్తి చూస్తున్న మా సీనియర్ అక్క ఏమీ అనలేదు. ఆయన బయటికి వెళ్లాక ఒక సీసా నా చేతిలో పెట్టి, "ఎదిగాయి సరే, ఎన్నున్నాయో లెక్కపెట్టు" అంది. మూడే ఉన్నాయి. నెల కిందట అదే మీడియంలో (ముక్కలు పెరిగే పోషక జెల్లీ), అదే తరం ముక్కల నుంచి ఆరేడు వచ్చేవి.

నేను వృక్షశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేసి ఆ ల్యాబులో చేరి అప్పటికి ఏడాది దాటింది. మాది రావులపాలెం అవతల గౌతమి ఒడ్డున ఉన్న లంక గ్రామం. అరటి మా ఇంట్లో తాతల నాటి పంట. మొక్క హార్మోన్లలో ఆక్సిన్ ఎక్కువైతే వేరు, సైటోకైనిన్ ఎక్కువైతే పిలక అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవడం వేరు, నెల తిరిగేసరికి ఇన్ని వేల పిలకలు అప్పజెప్పాలనే లెక్క మధ్య కూర్చుని ఆ వాక్యాన్ని నమ్ముకోవడం వేరని ఆ ఎండాకాలంలో నాకు తెలిసివచ్చింది.

ముందు మా పని క్రమం చెప్పాలి. మంచి గెల వేసిన, తెగులు లక్షణాలు లేని, వైరస్ పరీక్షలో నెగ్గిన తల్లిచెట్టు నుంచి సూది పిలకను దుంపతో సహా తవ్వి తెస్తాం. లంక మట్టి ఒండ్రు కాబట్టి పిలక సులువుగానే వస్తుంది గానీ, ఆ మట్టితో పాటు వచ్చే సూక్ష్మజీవులను వదిలించుకోవడానికే సగం శ్రమ పోతుంది. పైపొరలన్నీ ఒక్కొక్కటిగా ఒలిచి, క్లోరిన్ ద్రావణంలోనూ ఆ తరువాత పాదరస లవణంలోనూ కడిగి, వడగట్టిన గాలి వీచే లామినార్ బల్ల ముందు కూర్చుని ఇంకా పొరలు ఒలుచుకుంటూ పోతే, చివరికి బొటనవేలి గోరంత తెల్లటి ముక్క మిగులుతుంది. దాని నడుమ ఉండే చిగురుమొనే మా పెట్టుబడి. కోసిన చోట అరటి నల్లబడటం వంట చేసే ప్రతి ఇంటికీ తెలుసు. అరటికాయ తరిగి మజ్జిగ నీళ్లలో వేసే పనినే మేము ఆస్కార్బిక్, సిట్రిక్ ఆమ్లాలతో చేస్తాం. ఆపైన మొదటి వారం ముక్కలను చీకట్లో ఉంచుతాం, ఎందుకంటే వెలుతురు తగిలితే ఆ నలుపుకు కారణమైన ఫీనాల్ పదార్థాలు మరింతగా ఊరి ముక్కను మాడ్చేస్తాయి. వెలుతురు ప్రభావం అక్కడి నుంచే మొదలవుతుందన్న సంగతి నా కళ్ల ముందే ఉన్నా, నేను మాత్రం హార్మోను సీసాల వైపే చూస్తూ వచ్చాను.

మీడియం అంటే 1962లో మురాషిగే, స్కూగ్ ప్రకటించిన లవణాల మిశ్రమం, లీటరుకు 30 గ్రాముల పంచదార, 8 గ్రాముల అగార్, ఉదజని సూచిక (పీహెచ్) 5.8. దీన్ని 121 డిగ్రీల వేడిలో, 15 పౌండ్ల పీడనంలో ఆటోక్లేవ్ చేసి జాం సీసాల్లో పోస్తాం. ఆ మిశ్రమాన్ని ఆ ఇద్దరూ తయారుచేసింది పొగాకు కణజాలం కోసం. 1957లో స్కూగ్, మిల్లర్ కలిసి ఆక్సిన్, సైటోకైనిన్ నిష్పత్తిని మార్చి ఒకే ముద్ద నుంచి వేళ్లో పిలకలో కావలసినవి రప్పించిందీ పొగాకు మీదనే. గోదావరి లంకల్లో చుట్ట పొగాకు పండించిన కుటుంబంలో పుట్టి, 1947లోనే పొగాకు పరిశోధన సంస్థ వెలసిన రాజమండ్రి పక్కన పనిచేస్తూ, ఆ పొగాకు సూత్రంతో అరటిని పెంచుతున్నానన్న ఆలోచన నాకు మొదట్లో భలే ముచ్చటగా ఉండేది.

మా కార్డు మీద చక్కెరకేళి వృద్ధి దశకు రాసిన మోతాదు లీటరుకు 4 మిల్లీగ్రాముల బీఏపీ. ఇది సైటోకైనిన్ జాతి హార్మోను. చిగురుమొన నుంచి కిందికి దిగే ఆక్సిన్ పక్క మొగ్గలను నిద్రపుచ్చుతుంది, సైటోకైనిన్ వాటిని లేపుతుంది. కడియం నర్సరీల్లో క్రోటను, బంతి మొక్కల తలలు గిల్లే కూలీలకు ఈ సంగతి హార్మోను పేరు లేకుండానే తెలుసు. తల తుంచితే ఆక్సిన్ ఊట ఆగుతుంది, పక్క కొమ్మలు వస్తాయి. మేము సీసాలో అదే పనిని రెండు వైపుల నుంచీ చేస్తాం. చిగురుమొనను నిలువునా చీలుస్తాం, మీడియంలో బీఏపీ వేస్తాం. మూడు నాలుగు వారాలకు వచ్చిన గుత్తిని విడదీసి మళ్లీ కొత్త సీసాల్లోకి మారుస్తాం. ఇలా ఎనిమిది సార్లకు మించి మార్చకూడదని మా నియమం. మార్పిళ్ల సంఖ్య పెరిగేకొద్దీ, హార్మోను మోతాదు పెరిగేకొద్దీ తల్లిని పోలని పొట్టి మొక్కలు, ఆకులు మెలితిరిగిన మొక్కలు తేలే అవకాశం పెరుగుతుంది. రైతుకు అది తొమ్మిది నెలల తరువాత, పొలంలో డబ్బంతా పెట్టాక గానీ బయటపడదు.

పిలకలు ఆరు నుంచి మూడుకు పడిపోయేసరికి నాకు తోచిన మొదటి పని బీఏపీ పెంచడం. 4 నుంచి 6కు, ఒక వరుసలో 8కి కూడా పెంచాను. పుస్తకం ప్రకారం చూస్తే అది తప్పుగా అనిపించలేదు. పిలక తగ్గిందంటే సైటోకైనిన్ చాలలేదన్నమాటే గదా! నాలుగు వారాల తరువాత సీసాల్లో వచ్చినవాటిని పిలకలు అనడానికి నోరు రాలేదు. అడుగున ఉబ్బిన ముద్ద, దాని మీద క్యాబేజీ పువ్వులా ఒత్తుకుపోయిన మొగ్గలు, వాటి మధ్య నుంచి పాలిపోయి పొడుగ్గా సాగిన ఒకటో రెండో కాడలు. ఆకులు కొన్ని గాజులా మెరుస్తూ, పట్టుకుంటే నీళ్లు కారేట్టు పుటుక్కున విరిగాయి. గాజుబారడం అని మేము పిలిచే ఈ స్థితికి అధిక సైటోకైనిన్ ఒక ప్రధాన కారణం. విడదీయబోతే చేతికి రెండు మూడు కన్నా పనికొచ్చేవి రాలేదు. అక్క ఆ సీసాలను ట్రేలో పక్కకు పెడుతూ, "ఉప్పు తక్కువైందో పులుపు ఎక్కువైందో చూసుకోకుండా ఉప్పు కుమ్మరించావు" అంది. నాకు కోపం వచ్చింది గానీ జవాబు దొరకలేదు.

అప్పుడు వెనక్కి వెళ్లి ఏం మారిందో రాసుకున్నాను. పంచదార, అగార్, లవణాలు పాత లాటువే. పనిచేసే చేతులూ పాతవే. మారినవి దీపాలు, వాటితో పాటు వేడి. ట్యూబులైటు చోకులు బాగా వేడెక్కేవి. ఏసీ 25 డిగ్రీలకు పెట్టినా దీపానికి దగ్గరి సీసాల్లోపల అంతకన్నా ఎక్కువే ఉండేదని, ఎల్‌ఈడీ వచ్చాక ఆ తేడా పోయిందని, ఉత్త అగార్ పోసిన సీసాలో థర్మామీటరు గుచ్చి చూస్తే తెలిసింది. తేడా రెండు డిగ్రీలు. ఏసీని రెండు డిగ్రీలు పెంచి ఒక విడత నడిపి చూశాను. కాస్త చురుకుగా పెరిగాయి తప్ప కాడల పొడవు తగ్గలేదు, పిలకల సంఖ్య పెరగలేదు. ఇక మిగిలింది దీపమే.

దీపాలు అమ్మినతను అవి మొక్కల కోసమే చేసినవని చెప్పాడు. గులాబీ రంగు వెలుతురు. దగ్గరగా చూసి లెక్కపెడితే ప్రతి పది చిప్పుల్లో తొమ్మిది ఎరుపు, ఒకటి నీలం. ఎరుపు 660 నానోమీటర్లు, నీలం 450 నానోమీటర్ల దగ్గరివి. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునే రంగులు అవేనన్నది నిజమే. కానీ సీసాలోని పిలక పంచదార తిని బతుకుతుంది, దానికి కిరణజన్య సంయోగక్రియ మీద ఆధారం తక్కువ. దానికి వెలుతురు తిండి కన్నా ఎక్కువగా సమాచారం. ఈ మాటను నేనే తరువాత ల్యాబులో చేరిన అమ్మాయిలకు చాలాసార్లు చెప్పాను గానీ, నాకు అర్థమవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

బిగించిన రోజున ఇంకో పొరపాటు జరిగింది, అందులో నా వంతూ ఉంది. పాత ట్యూబులైట్ల కింద లక్స్ మీటరు 2500 చూపించేది. కొత్త దీపాల కింద మూడు వందలు కూడా దాటలేదు. వెలుతురు చాలదనుకుని ప్రతి అరకూ అదనంగా దీపాలు కలిపించాను. లక్స్ అనేది మనిషి కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో చెప్పే కొలత. కంటికి 555 నానోమీటర్ల ఆకుపచ్చ బాగా కనబడుతుంది, 660 ఎరుపూ 450 నీలమూ మసకగా కనబడతాయి. అందువల్ల అంతే సంఖ్యలో ఫోటాన్లు (వెలుతురు రేణువులు) పడుతున్నా, ఆ రంగుల కింద లక్స్ మీటరు తెల్ల వెలుతురు కింద చూపేదానిలో దాదాపు పదోవంతే చూపిస్తుంది. నేను చదువుకున్న కాలేజీ నుంచి ఫోటాన్లను లెక్కించే క్వాంటం మీటరు అరువు తెచ్చి కొలిస్తే, మొదట బిగించిన దీపాలే సరిపోయేవని, నేను కలిపించినవన్నీ వృథా అని తేలింది. యజమాని గారికి చెప్పినప్పుడు ఆయన నవ్వి, "అయితే నీ మీటరు కూడా మనలాగే గుడ్డిదన్నమాట" అన్నారు. అదనపు దీపాలు ఆ సాయంత్రమే ఊడదీశాం.

అది సరిచేశాక ఆకుల్లో పాలిపోవడం కొంత తగ్గింది, సాగడం తగ్గలేదు. ఇంటికి వెళ్లిన ఒక ఆదివారం నాన్నతో ఈ గొడవంతా చెప్పాను. మా తోటలో ఒక పక్క ఉత్త అరటి, మరో పక్క కొబ్బరి వరుసల మధ్య అరటి ఉంది. నాన్న కొబ్బరి కింది వరుసలు చూపించి, "ఇవీ అంతేగా, నీడన పడి సాగుతాయి, పిలకలు తక్కువ పెడతాయి" అన్నారు. "నీడ వలన అయితే షేడ్‌నెట్ కింద నర్సరీ మొక్కలు ఇంతగా ఎందుకు సాగవు నాన్నా?" అని అడిగాను. ఆయన దగ్గరా నా దగ్గరా అప్పటికి జవాబు లేదు. బస్సులో తిరిగి వస్తుంటే పాఠం గుర్తొచ్చింది.

ఆకుల నీడ వేరు, నల్లటి వల నీడ వేరు. వల అన్ని రంగులనూ ఒకే తీరున తగ్గిస్తుంది. కొబ్బరి ఆకు మాత్రం ఎరుపును పీల్చుకుని, దాని పక్కనే ఉండే 730 నానోమీటర్ల దూర ఎరుపును కిందికి వదిలేస్తుంది. మొక్కలో ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఉంది. ఎరుపు తగిలితే అది చురుకైన రూపంలోకి, దూర ఎరుపు తగిలితే మందకొడి రూపంలోకి మారుతూ ఉంటుంది. 1952లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ విత్తనాలకు ఎరుపు, దూర ఎరుపు వెలుగులు మార్చి మార్చి చూపితే, చివరగా చూపిన రంగును బట్టే విత్తనం మొలవడమో మానడమో తేలింది. దూర ఎరుపు వాటా పెరిగితే పైన మరో మొక్క ఉందని గ్రహించి మొక్క కాండాన్ని సాగదీస్తుంది, పక్క మొగ్గలను ఆపుకుంటుంది. కొబ్బరి కింద మా అరటి చేస్తున్నది అదే.

కానీ మా దీపాల్లో దూర ఎరుపు లేదు, ఎరుపు దండిగా ఉంది. ఆ లెక్కన చూస్తే పిలకలు పొట్టిగా ఉండాలి. ఇక్కడ నేను చాలా రోజులు తికమకపడ్డాను. కాండం సాగకుండా పట్టి ఉంచే పని ఫైటోక్రోమ్ ఒక్కదానిది కాదు. నీలి వెలుతురును పసిగట్టే క్రిప్టోక్రోమ్ అనే మరో వర్ణకం కూడా ఆ పని చేస్తుంది. నీలం తగినంత ఉంటే మొక్కలో కాండాన్ని సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీ తగ్గి, ఉన్నది త్వరగా విరిగిపోతుంది. నీలం కరువైతే జిబ్బరెల్లిన్ చేతికి పగ్గాలు చిక్కుతాయి. ఆ హార్మోను శక్తి ఎంతో వరి మీదనే మొదట తెలిసింది. కొన్ని నారుమొక్కలు మిగతావాటికన్నా అసహజంగా పొడుగెదిగి పాలిపోయి పడిపోయే తెగులును పరిశీలించిన కురొసావా అనే శాస్త్రవేత్త, ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం పెరిగిన ద్రవమే మొక్కను సాగదీస్తుందని 1926లో చూపాడు. శిలీంధ్రం పేరు మీదనే హార్మోనుకు ఆ పేరు పెట్టారు. మా ట్యూబులైటులో పాదరసపు 436 నానోమీటర్ల గీత సహా బోలెడు నీలం ఉండేది, దూర ఎరుపు దాదాపు లేదు. అంటే కార్డు మీద రాసిన 4 మిల్లీగ్రాములు ఏ వెలుతురులోనైనా పనిచేసే అంకె కాదు, ట్యూబులైటు కింద తేలిన అంకె. ఆ షరతు కార్డు మీద ఎవరూ రాయలేదు, ఎందుకంటే కార్డు రాసిన రోజుల్లో మా ల్యాబులో వేరే దీపమే లేదు.

యజమాని గారి అనుమతితో ఒక ర్యాకును నల్లగుడ్డతో నాలుగు అరలుగా విడదీశాం. ఒకదానిలో ఉత్త ఎరుపు, ఒకదానిలో ఉత్త నీలం, ఒకదానిలో ఏడు పాళ్లు ఎరుపుకు మూడు పాళ్లు నీలం, చివరిదానిలో పాత ట్యూబులైట్లు. నాలుగింటిలోనూ ఫోటాన్ల లెక్క సమానంగా ఉండేలా దీపాల ఎత్తు సర్దాను. రోజుకు 16 గంటల వెలుతురు, 8 గంటల చీకటి. ప్రతి అరలో 2, 4, 6 మిల్లీగ్రాముల బీఏపీ ఉన్న సీసాలు పదేసి. అన్నిటిలోనూ ఒకే తరం, ఒకే తల్లి నుంచి వచ్చిన ముక్కలు. ముక్కలు కోసింది అక్క ఒక్కతే, ఎందుకంటే చేతి తేడా ఒక్కోసారి హార్మోను తేడాను మించిపోతుంది.

ఫలితాల్లో నేను ఊహించినవీ ఉన్నాయి, ఊహించనివీ ఉన్నాయి. ఉత్త ఎరుపు కింద మూడు మోతాదుల్లోనూ కాడలు సాగాయి. 2 దగ్గర పొడవు ఎక్కువ, సంఖ్య తక్కువ. 6 దగ్గర అడుగున మొగ్గలు చాలానే పుట్టాయి గానీ అవి పిలకలుగా విడివడలేదు. నీలం లేని చోట బీఏపీ మొగ్గలను లేపగలిగింది, వాటిని తిన్నగా పెంచలేకపోయింది. ఉత్త నీలం కింద అన్నీ కురచ. ఆకులు చిన్నవి, మందమైనవి, ముదురు ఆకుపచ్చ. చూడటానికి ముచ్చటగా ఉన్నా అడుగున ఫీనాల్ నలుపు ఎక్కువైంది. పైగా 6 మోతాదు దగ్గర అంగుళం కూడా ఎదగని పిలకలు గుత్తిలో కూరుకుపోయి, విడదీస్తుంటే సగం దెబ్బతిన్నాయి. మిశ్రమం కింద 4 దగ్గర ట్యూబులైటుతో సమానంగా వచ్చాయి. నేను ఊహించనిది ఏమిటంటే, మిశ్రమం కింద 2 కూడా దాదాపు అంతే ఇచ్చింది, పైగా పిలకలు విడివిడిగా, ఏపుగా ఉన్నాయి. మోతాదు పెంచితే గానీ గట్టెక్కననుకున్న నేను, దీపం సరిచేశాక మోతాదు తగ్గించాల్సి వచ్చింది. చివరికి 3 దగ్గర స్థిరపడ్డాం. ఒకే విడతతో నమ్మలేక మూడు మార్పిళ్ల దాకా అదే పోటీ నడిపాను, వరుసలో తేడా రాలేదు.

ఇదంతా చూసి యజమాని గారి తండ్రి గారు, ఎనభై ఏళ్లు దాటిన పెద్దాయన, "ఈ మందులెందుకమ్మా, కొబ్బరినీళ్లు పోయండి, మా రోజుల్లో అంట్లకు అవే పట్టించేవాళ్లం" అన్నారు. ఆయన మాట తీసిపారేసేది కాదు. 1941లో వాన్ ఓవర్‌బీక్ ఉమ్మెత్త పిండాలను పెంచడానికి కొబ్బరినీళ్లనే వాడాడు, వాటిలో జియాటిన్ వంటి సహజ సైటోకైనిన్లు ఉన్నాయి. కొబ్బరికి కొరత లేని చోటు కాబట్టి లీటరుకు 100 మిల్లీలీటర్లు కలిపి ఒక విడత పెట్టాం. బాగానే వచ్చాయి. రెండో విడతలో అంత బాగా రాలేదు. లేతకాయ నీళ్లకూ ముదురుకాయ నీళ్లకూ తేడా ఉంటుంది, చెట్టుకూ చెట్టుకూ తేడా ఉంటుంది. లెక్క ప్రకారం పిలకలు అప్పజెప్పాల్సిన చోట అది నమ్మదగిన మోతాదు కాదు. థిడియాజురాన్ అనే మరో మందు వాడమని ఎవరో సలహా ఇచ్చారు. పత్తిలో ఆకు రాల్చడానికి తయారైన ఆ రసాయనం సైటోకైనిన్‌గా బీఏపీ కన్నా ఎంతో ఘాటైనది, అతి తక్కువ మోతాదుకే మొగ్గలు పుట్టిస్తుంది. గుత్తి కూరుకుపోవడమే నా బాధ అయినప్పుడు దాన్ని ముట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వేరు దశ వచ్చేసరికి వెలుతురు ఇంకో వైపు నుంచి దెబ్బకొట్టింది. పిలకలను ముందు ఒక విడత హార్మోను లేని మీడియంలో ఉంచి, కణజాలంలో నిలవ ఉన్న బీఏపీని కరగనిస్తాం, లేకపోతే అది వేళ్లను రానివ్వదు. ఆ తరువాత ఆక్సిన్ ఇస్తాం. ఖర్చు తగ్గుతుందని ఒక నెల ఐఏఏ అనే ఆక్సిన్ తెప్పించారు. తయారుచేసిన మీడియం సీసాలను చోటు చాలక దీపాల కిందే రెండు వారాలు నిలవ ఉంచాం. వేళ్లు అక్కడొకటి ఇక్కడొకటి తప్ప రాలేదు. ఐఏఏ వెలుతురుకు విరిగిపోయే పదార్థం, మీడియంలోని లవణాలు ఆ విరిగిపోవడాన్ని మరింత వేగిరం చేస్తాయి. మీడియంలో ఇనుమును కరిగి ఉండేలా పట్టి ఉంచే ఇనుము-ఈడీటీఏ కూడా నీలి, అతినీల వెలుతురుకు చెడుతుంది. మా కొత్త దీపాల్లో నీలం పెంచుకున్నాం గనుక మా సమస్య మేమే పెంచుకున్నట్టయింది. అప్పటి నుంచి మీడియం నిలవ చీకటి గదిలోనే. ఐఏఏ మానేసి, వెలుతురుకు అంతకన్నా నిలిచే ఐబీఏ అనే మరో ఆక్సిన్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాము, దానితో కొంచెం బొగ్గుపొడి కలిపి వాడాం. బొగ్గుపొడి మిగిలిన హార్మోనును పీల్చుకోవడంతో పాటు మీడియాన్ని నల్లగా చేసి వేరుకు చీకటి కల్పిస్తుంది. తెల్లటి వేళ్లు ఆ నలుపులోకి దిగడం సీసా అడుగు నుంచి చూస్తే ఎంతో బాగుంటుంది.

గులాబీ వెలుతురు గురించి పనిచేసే అమ్మాయిలు మొదటి నుంచీ మొరపెట్టుకుంటూనే ఉన్నారు, నేను వినిపించుకోలేదు. ఆ వెలుతురులో ఆకుపచ్చ ఆకు నల్లగా కనిపిస్తుంది. పాలిపోయిన ఆకు, బూజు తొలిచుక్క, గాజుబారిన మెరుపు ఏవీ కంటికి అందవు. గంటసేపు ఉంటే తలనొప్పి. రెండు విడతల్లో బూజు ఆలస్యంగా దొరికి పక్క సీసాలకు కూడా పాకడానికి అదే కారణం. చివరికి నీలి చిప్పుల బదులు తెల్ల ఎల్‌ఈడీ పట్టీలు, ఎర్ర పట్టీలు ఒకదాని పక్కన ఒకటి బిగించాం. తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలి చిప్పే, దాని మీద పూసిన పసుపు పూత కొంత నీలాన్ని మిగతా రంగులుగా మారుస్తుంది. మొక్కకు కావలసిన నీలమూ అందింది, మనిషి కంటికి కావలసిన ఆకుపచ్చా అందింది. పిలకల లెక్కలో నష్టమేమీ రాలేదు.

అసలు పరీక్ష షేడ్‌నెట్‌లో జరిగింది. సీసాలో గాలి తేమతో నిండి ఉంటుంది, ఆకుకు పత్రరంధ్రాలు మూసుకునే అవసరమే రాదు. అక్కడి నుంచి కోకోపీట్ ట్రేలోకి మార్చిన మొదటి వారమే గండం. ఎరుపు ఎక్కువైన రోజుల్లో పెరిగిన పొడుగు పిలకలు కొన్నిటిని మేము పారేయలేక వేర్లు పుట్టించి పెట్టాం. పొగమంచులా నీళ్లు చిమ్ముతున్నా సరే, రెండో రోజుకే కాడలు వంగి ఆకులు ట్రే అంచుకు అతుక్కున్నాయి. నీలం తగినంత ఉన్న వెలుతురులో పెరిగినవి కురచగా, మందంగా ఉండి నిలబడ్డాయి. వాటి ఆకుల్లో పత్రరంధ్రాలు కాస్త మెరుగ్గా పనిచేస్తాయని చదివాను, ట్రేలో చూసింది దానికి తగ్గట్టే ఉంది. మేలో గాడ్పులకు ఎంత తేమ పెట్టినా చాలలేదు. ఆగస్టులో గోదావరి నిండుగా పారే రోజుల్లో అదే మొక్కలు తేలిగ్గా నిలదొక్కుకున్నాయి. అందుకని పోలిక సరిగ్గా ఉండాలని ఆగస్టులో రెండు రకాలనూ ఒకే ట్రేలో పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాను. పొడుగు పిలకలు అప్పుడూ ఎక్కువగానే పోయాయి.

ఆ విడత మొక్కల్లో కొన్ని నాన్న తీసుకెళ్లి మా తోటలో ఉత్త అరటి పక్క నాటారు. కొబ్బరి కింద నాటనని ముందే చెప్పారు.

మా కార్డులు ఇప్పుడు కొత్తగా అచ్చువేయించాం. మీడియం పేరు, బీఏపీ మోతాదు, మార్పిడి సంఖ్య, తేదీలతో పాటు దీపం రంగుల పాళ్లు, ఫోటాన్ల లెక్క, సీసా లోపలి వేడి కూడా రాయడానికి గడులు ఉన్నాయి. పోయిన నెల ఒక రైతు అమృతపాణి అనే మరో అరటి రకం పిలకలు తెచ్చి ఇచ్చారు. చక్కెరకేళికి కుదిరిన వెలుతురులోనే, అదే 3 మిల్లీగ్రాముల మీద పెడితే, వచ్చిన పిలకలు సీసాకు రెండే. అక్క ఆ సీసాలను చూసి ఏమీ అనకుండా నల్లగుడ్డ మడత విప్పి తెచ్చింది. ర్యాకును మళ్లీ నాలుగు అరలుగా విడదీసి, 2, 4, 6 అని చీటీలు అంటించి, నిన్న సాయంత్రం మొదటి సీసాలు లోపల పెట్టాం.